సనా జిరాక్స్‌కు వచ్చే సర్కారు

బండరాజుపల్లి మండలాఫీసులో ప్రింటరు లేదనుకునేరు. ఉంది. దాని మీద నీలం గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద పెద్దసారు టిఫిన్ డబ్బా పెట్టుకుంటారు. ఇంకు అయిపోయి ఎన్నేళ్లయిందో ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. ఇంకు కొనాలంటే పైనుంచి మంజూరు రావాలి. మంజూరు రావాలంటే కాగితం పెట్టాలి. కాగితం పెట్టాలంటే ప్రింటు తీయాలి. ఈ తిరకాసు ఎవరికీ పట్టకపోవడంతో, తొర్రూరు పోయే రోడ్డు మీద ఆఫీసు గేటుకు ఎదురుగా ఉన్న సనా జిరాక్స్ సెంటరే ఆ మండలానికి అసలు ఆఫీసై కూర్చుంది.

పద్ధతి చాలా సుళువు. జిల్లా నుంచి ఉత్తర్వులు పెద్దసారు సొంత మెయిలుకు వస్తాయి. సర్కారు ఇచ్చిన మెయిలు ఇంకొకటి ఉంది గానీ, పాస్‌వర్డు మార్చమని అది మాటిమాటికీ సతాయిస్తుందని సారు ఏనాడో దాన్ని గాలికి వదిలేశారు. సొంత మెయిలైనా ఆయన పేరున లేదు. కూతురు పుట్టినప్పుడు ఫొటోలు దాచుకోవడానికి తెరిచింది. దాని పేరు ‘తేజు బంగారం’. పేరు పక్కన చిన్న గుండ్రంలో, నాట్యం వేషం కట్టి నవ్వుతున్న పాప బొమ్మ. పింఛన్లు కోసేయమన్న ఉత్తర్వైనా, ఇళ్లు కూల్చమన్న ఉత్తర్వైనా బండరాజుపల్లిలో తేజు బంగారం పేరుతోనే, ఆ పాప నవ్వుతోనే దిగేది.

సారుకు ఫోన్లో చిన్న అక్షరాలు ఆనవు. కళ్లద్దాలు పెట్టుకుంటే వయసు బయటపడుతుందని బెంగ. అందుకని పొద్దున్నే చాయ్ తాగుతూ, వచ్చిన మెయిళ్లలో ఏముందో చూడకుండానే ఒకదాని తర్వాత ఒకటి బాణం గుర్తు నొక్కి సనా జిరాక్స్ మెయిలుకు తోసేసేవారు. కాసేపటికి అటెండరు ఎల్లస్వామి గేటు దాటి వచ్చేవాడు.

“చెల్లె, సారు పంపిండట. జర తీసియ్యి.”

కాగితం మీదికి వచ్చాకే సారు దేన్నైనా చదివేది. అంటే ఆ మండలంలో సర్కారు మాట మొదట తెలిసేది జిరాక్స్ షాపు నడిపే మరియం బీకి. ఆ తర్వాతే పెద్దసారుకు.

మరియం బీ పుట్టిల్లు జనగామ. తండ్రి బాబామియా బస్టాండు పక్కన పరదా కింద టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాడు. లింగాల ఘనపూర్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి భూమి తగాదాలవాళ్లు, మొగుళ్లు వదిలేసినవాళ్లు, దాయాదులైన పాలోళ్లతో పడనివాళ్లు వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుని కడుపులోదంతా కక్కేవారు. కొట్టడం అయిపోగానే ఆయన కాగితాన్ని బోర్లా తిప్పి చేతికిచ్చేవాడు. ఇంటికొచ్చాక భార్య ఎంత గుచ్చి అడిగినా ఎవరి సంగతీ చెప్పేవాడు కాదు. “నాకు యాదుంటే గద చెప్పేది,” అని రొట్టె తుంచుకునేవాడు. మరియం బీ ఆయన దగ్గరే తెలుగు టైపు నేర్చుకుంది. సాజిద్‌ను చేసుకుని బండరాజుపల్లి వచ్చాక, అతను ట్రాలీ ఆటోలో మిర్చి బస్తాలు తొర్రూరు మార్కెట్‌కు తోలుతుంటే, ఆమె బిడ్డ పేరున ఈ షాపు పెట్టింది.

సర్కారు కాగితాలు తన మెయిలుకు రావడం మొదలైన కొత్తలో ఆమెకు గర్వంగానే ఉండేది. బస్టాండు పక్కన పరదా కింద కూర్చున్నవాడి బిడ్డ దగ్గరికి ఆఫీసే నడిచొచ్చిందని సంబరపడింది. ఆ సంబరం పోను పోను విరిగిపోయింది. ఏవేవో వచ్చేవి. సారు షుగరు పరీక్ష రిపోర్టు వచ్చింది. బావమరిది పెళ్లిపత్రిక వచ్చింది. వాటిని చూసి నవ్వుకుంది. తర్వాత ఒకరోజు, బయటికి చెప్పుకోలేని రోగానికి మందులు మింగుతున్నవాళ్ల పింఛను జాబితా వచ్చింది. పేరు, ఊరు, ఇంటి నంబరు, రోగం, అన్నీ వరుసగా ఉన్నాయి. మిషను ఆ కాగితాలను వెల్లకిలా పడేస్తోంది. సరిగ్గా అప్పుడే, ఆ జాబితాలో పేరున్న ఒకామె మరిది ఆధార్ కార్డు పట్టుకుని వచ్చి బల్ల మీద మోచేతులాన్చి నిలబడ్డాడు. మరియం బీ దిక్కుతోచక తన కొంగు తీసి మిషను మీద కప్పింది.

“ఏందక్కా గట్ల కప్పినవ్?”

“మిషను వేడెక్కింది తమ్మీ. జరాగు.”

వేడెక్కిన మిషను మీద గుడ్డ కప్పుతారా అని అతను అడగలేదు గనక బతికింది. ఆ సాయంత్రమే ఆఫీసుకు పోయి సారుతో చెప్పింది.

“సార్, గిసుంటి కాయిదాలు నాకు పంపకుండ్రి. మంచిది కాదు.”

సారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. “నువ్వేమన్న పరాయిదానివా మరియం బీ. మన ఆఫీసు మనిషివే గద.”

ఆ మాటకు ఆమె మెత్తబడి తిరిగొచ్చింది. మెత్తబడినందుకు రాత్రి తన మీద తనకే రోత పుట్టింది. మనుషుల రోగాలను అరటితొక్కల్లా రోడ్డు మీదికి విసిరేసేవాడు, నువ్వు మా మనిషివి అనగానే పొంగిపోవడమేమిటి? అయినా మర్నాడు పొద్దున షాపు తెరిచింది, తేజు బంగారం పంపినవన్నీ ప్రింటు తీసిచ్చింది. బతుకు అట్లాగే ఉంటుంది.

ఆ ఆఫీసులో కంప్యూటరు పని చేసే అమ్మాయి స్వరూప. నెల్లికుదురు వైపు పిల్ల. ఇక్కడికి కోడలిగా వచ్చింది. కాంట్రాక్టు కొలువు. ఒకప్పుడు మధ్యాహ్నం ఆఫీసులోనే తినేది. కొన్నాళ్లుగా టిఫిన్ పట్టుకుని సనా జిరాక్స్‌కు వచ్చి, కాగితాల కట్టల వెనక కూర్చుని తింటోంది. మరియం బీ ఎందుకని అడగలేదు. ఆడది తినే చోటు మార్చిందంటే ఊరికే మార్చదని ఆమెకు తెలుసు.

ఒకరోజు స్వరూపే చెప్పింది. అన్నం కలుపుతూ, తలెత్తకుండా చెప్పింది. సారు సాయంత్రం అందరూ పోయాక పనుందని ఆపుతాడు. కుర్చీ వెనక నిలబడతాడు. భుజం మీద చెయ్యేసి తెర మీద అక్షరాలు చూపిస్తాడు. రాత్రిళ్లు ఫోనుకు మెసేజీలు పెడతాడు. మాట వినకపోతే కాంట్రాక్టు రాసేది తనేనని గుర్తు చేస్తాడు.

“ఇంట్ల చెప్పినవా?”

“మా అత్తకు చెప్పిన. కొలువు మానెయ్యమన్నది. నేనెందుకు మానాలె అక్కా? మానితే గిద్దరు పిల్లల ఫీజులు ఎవలు గడ్తరు?”

జిల్లా ఆఫీసులో ఆడవాళ్ల ఫిర్యాదులకు కమిటీ ఉందని గోడ మీద కాగితం అంటించి ఉంది. కింద ఒక మెయిలు ఉంది. స్వరూప రాసి పంపింది. కమిటీ మేడం ఫోనులో మాట్లాడింది కూడా. మూడో మనిషికి తెలియదు, భయపడకు అంది. ఆ మాట నమ్మి స్వరూప ఏదీ దాచలేదు. మెసేజీల్లోని మాటలతో సహా ఉన్నదున్నట్టు రాసింది.

ఆ కాగితం పోయిన దారి ఇది. గోడ మీద ఉన్న మెయిలు సర్కారుది కాదు, కమిటీ మేడం సొంతది. ఆమె దాన్ని సెక్షన్ సూపరింటెండెంటుకు పంపింది, ఆయన సొంత మెయిలుకే. ఆయన మనిషిని చూడలేదు, సంగతి చూడలేదు. ఏ మండలం అని మాత్రం చూశాడు. పైన ఒక్క ముక్క తగిలించాడు. ‘మీ వివరణ కోసం పంపడమైనది.’ ఎవరి మీద ఫిర్యాదో ఆయనకే పంపేశాడు. ఆ పొద్దున పెద్దసారు చాయ్ తాగుతూ ఎప్పట్లాగే బాణం గుర్తులు నొక్కుతూ పోయారు.

మరియం బీ అప్పుడే షాపు ఊడ్చి కూర్చుంది. తేజు బంగారం నుంచి అరడజను మెయిళ్లు వచ్చి ఉన్నాయి. మొదటివి నీళ్ల ట్యాంకుల లెక్కలు. ప్రింటు కొట్టింది. తర్వాతది తెరిచింది. తెలుగులో ఉంది. స్వరూప పేరు కనిపించింది. రెండో వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మూడో వాక్యం చదవకూడదనుకుంటూనే చదివింది. ఆ మాటలకు పైన, చిన్న గుండ్రంలో, ఆ మనిషి కన్నబిడ్డ నాట్యం వేషంలో నవ్వుతోంది.

ఇంతకన్నా రోత పని ఇంకేముంటుంది? ఒక ఆడపిల్ల తనువు మీద పడ్డ చేతి గురించి సిగ్గు చంపుకుని రాసుకుంటే, ఆ రాతను ఆ చేతికే అందించారు. ఆ చెయ్యి దాన్ని చదవను కూడా చదవకుండా రోడ్డు మీది షాపుకు విసిరేసింది. వీళ్లకు చదువులెందుకు, కుర్చీలెందుకు?

ఆ మెయిలును ఆమె ప్రింటు తీయలేదు. మూసేసింది. అయితే ఆమెకు తట్టనిది ఒకటుంది. షాపులో రెండో కంప్యూటరు గిరాకీలది. షాపు మెయిలు అందులో ఎప్పుడూ తెరిచే ఉండేది. ఎవరి కాగితం వాళ్లే వెతుక్కుని ప్రింటు కొట్టుకునేవారు. ఆమెకు పని తేలికని అలవాటు చేసింది. ఆ పొద్దున దాని ముందు ఇసుక ట్రాక్టర్ల ఎల్లేశ్ కూర్చుని ఏదో బిల్లు వెతుకుతున్నాడు. ఎల్లేశ్ సారుకు దోస్తు, ఊరికి చోటా లీడరు. అతను సెల్‌ఫోను తెర మీదికి పెట్టి ఫొటో తీస్తుంటే ఆమె బిల్లుకే అనుకుంది.

మధ్యాహ్నానికి కాగితం వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. హోటల్లో చదివారు, సెలూన్లో చదివారు. గట్టిగా చదవలేని చోట నవ్వి చదివారు. స్వరూప టిఫిన్ పట్టుకుని షాపులోకి వచ్చేసరికి ఆమె ముఖం చూడగానే సంగతి చేరిపోయిందని మరియం బీకి అర్థమైంది.

“అక్కా, నువ్వు గిట్ల జేసినవా?”

“లేదు బిడ్డా. నా బిడ్డ మీద ఒట్టు. నేను మూసేసిన. ఆ రెండో దాంట్ల తెరిచున్నదని నాకు సోయి లేదు.”

స్వరూప చాలాసేపు ఆమె కళ్లలోకి చూసింది. తర్వాత కాగితాల కట్టల వెనక్కి పోయి కూర్చుంది. టిఫిన్ తెరవలేదు. మరియం బీ పోయి ఆ రెండో కంప్యూటరు తీగ గోడలోంచి పీకేసింది. ఇప్పుడు పీకి ఏం లాభమని తనను తానే తిట్టుకుంది.

సారు ఫోను సాయంత్రం వచ్చింది.

“మరియం బీ, ఆ కాయిదం నీ దగ్గరికి ఎట్లొచ్చింది?”

“మీరే పంపిండ్రు సార్.”

“నేనెందుకు పంపుత?”

“చూసుకోండి సార్. తేజు బంగారం పంపింది.”

ఆయన చూసుకుంటున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. బహుశా ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకునే ఉంటాడు. కాసేపటికి ఫోను కట్టయింది.

సర్కారు మనిషికి సిగ్గు ఎంతోసేపు ఉండదు, ఉపాయం వెంటనే తోస్తుంది. మర్నాటికల్లా ఆఫీసులో కొత్త మాట తయారైంది. సర్కారు మెయిలు తెరిపించి చూశారట, అందులో ఏ ఫిర్యాదూ లేదట. ఉండదు మరి, దాన్ని వాడితే కదా. జిల్లాలో కూడా అడిగారట. అక్కడి సర్కారు మెయిలులోనూ లేదట. కాబట్టి ఫిర్యాదు రానేలేదు. రాని ఫిర్యాదు ఆఫీసు నుంచి ఎట్లా బయటికి పోతుంది? స్వరూపే జిరాక్స్ షాపులో టైపు చేయించి ఊళ్లో తిప్పింది, సారు పరువు తీయడానికి. ఈ మాటలన్నీ ఒక కాగితం మీద చేత్తో రాసి, కింద మరియం బీ సంతకానికి చోటు వదిలి, ఎల్లస్వామి చేతికిచ్చి పంపారు. ఆ ఒక్కటి మాత్రం షాపులో ప్రింటుకు పంపలేదు.

ఎల్లస్వామి బల్ల మీద కాగితం పెట్టి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

“నన్నేమనకు చెల్లె. ఇయ్యమన్నరు, ఇచ్చిన.”

“సదివినవా అన్నా?”

“సదివిన.”

“నీకు బిడ్డలున్నరు గద.”

అతను గోడ మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. “షాపు ఆర్ అండ్ బీ జాగల ఉన్నదట. సంతకం పెడితే ఏం గాదట. లేకుంటే చూస్తరట. గంతే చెప్పమన్నరు.”

ఆ రాత్రి సాజిద్ భార్య వైపు తిరిగి కూర్చున్నాడు. షాపు పోతే వరంగల్‌లో నర్సింగు చదువుతున్న సనా ఫీజు ఎట్లా అని అడిగాడు. అడిగాడు గానీ సంతకం పెట్టమని అనలేదు. మరియం బీకి ఆ షాపంటే ప్రాణం. బల్ల, మిషను, పైన రేకు, బోర్డు మీద బిడ్డ పేరు. అవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. తర్వాత స్వరూప తెరవని టిఫిన్ తలుచుకుంది. పొద్దున లేచి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది.

వారం తిరగకుండా స్వరూపను పనికి రావద్దన్నారు. ఆమె కుర్చీలోకి ఎవరో కొత్త పిల్లగాణ్ని తెచ్చారు. వాడికి పాత సంగతులు తెలియవు, ఆఫీసు పద్ధతి మాత్రం మొదటిరోజే నేర్పారు. ఒక పొద్దున వాడు పంపిన మెయిలు సనా జిరాక్స్‌కు వచ్చింది. అర్జెంట్ అని ఉంది. మరియం బీ ప్రింటు కొట్టింది. బయటికి వచ్చిన కాగితం మీద తన పేరే ఉంది. రోడ్డు జాగా ఆక్రమించినందుకు షాపు ఖాళీ చేయాలన్న నోటీసు. ఎల్లస్వామి వచ్చి చెయ్యి చాచాడు. కాగితం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నన్ను లేపే కాయిదం నా మిషన్ల నేనే తీసియ్యాల్నా అన్నా?”

“నాకు తెల్వదు చెల్లె. పాపం ఆ పిలగానికి గుడ తెల్వదు.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏవగింపు కూడా వచ్చింది. చెడు చేసేటప్పుడైనా శ్రద్ధగా చేయరు కదా వీళ్లు. నోటీసు అందినట్టు సంతకం పెట్టి ఇచ్చేసింది.

స్వరూప వదలలేదు. ఫోన్ల మీద ఫోన్లు చేసింది, జిల్లా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఊళ్లో ఆడవాళ్లు కొందరు ఆమెతో మాట్లాడటం మానేశారు. అత్త పోశమ్మ మాత్రం, ఇంతదాకా వచ్చాక వెనక్కి రావద్దంది. చివరికి విచారణకు పిలిచారు. విచారణ చేసేది ఇంకో మేడం. ఫిర్యాదు వచ్చిందని రుజువేదీ అని అడిగింది. స్వరూప తాను పంపింది చూపించింది. అది ఎవరి సొంత మెయిలుకో పంపినది, ఆఫీసుకు వచ్చినట్టు కాదని మేడం అంది. రుజువు ఒక్కచోటే ఉంది. కమిటీ నుంచి సూపరింటెండెంటుకు, అక్కణ్నుంచి సారుకు, సారు నుంచి షాపుకు, ఆ కాగితం దిగిన మెట్లన్నీ సనా జిరాక్స్ మెయిలులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఇంకా ఎవరూ వచ్చి లేపని ఆ షాపును మరియం బీ ఆ రోజు మూసి స్వరూపతో బస్సెక్కింది.

మేడం మంచిదే. ఇద్దరికీ నీళ్లు తెప్పించింది. షాపు మెయిలు తెరిచి ఉన్న మరియం బీ ఫోనును తన చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి మొత్తం చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె ముఖం నల్లబడింది.

“ఛీ,” అంది. “ఎవరికి పంపాలో కూడా చూసుకోలేదా ఈ మనుషులు.”

ఆ ఒక్క మాటకు స్వరూప కళ్లలో నీళ్లు తిరిగాయి. సర్కారు కుర్చీలో కూర్చున్న మనిషి నోటి వెంట అలాంటి మాట ఆమె వినడం అదే మొదలు. తన మాట నిజమని ఇక ఒప్పుకుంటారని, కొలువు రాకపోయినా పోయిన పరువు కొంతైనా తిరిగొస్తుందని ఆమెకు ఆశ పుట్టింది.

“నేను నమ్ముతున్నానమ్మా,” అంది మేడం. “కానీ ఇది ఫైల్లోకి రావాలి. ప్రింటు పనికిరాదు, ఎవరైనా టైపు చేసుకోవచ్చంటారు. నీ ఫోన్లోంచి ఉన్నదున్నట్టు నాకు పంపు.”

“మంచిది మేడం. ఆఫీసు మెయిలు చెప్పుండ్రి.”

“ఆఫీసుది తెరుచుకోవట్లేదమ్మా. పాత సూపరింటెండెంటు భూపాలపల్లి బదిలీ అయిపోయాడు, పాస్‌వర్డు చెప్పకుండా పోయాడు. ఫోను ఎత్తడు. నాది ఇస్తాను, దానికి పంపు.”

మేడం చిన్న కాగితం మీద తన మెయిలు రాసి బల్ల మీద జరిపింది. మరియం బీ దాన్ని ముట్టుకోలేదు.

“మీ సొంతదా మేడం?”

“సొంతదైతే ఏమైందమ్మా? నేను చూస్తాను కదా.”

స్వరూప ఆమె మోచెయ్యి పట్టుకుంది. “పంపియ్యి అక్కా. ఇంకేడికని తిరుగుతం? నాకు చాతనైతలేదు.”

మరియం బీ ఫోను తీసుకుంది. స్వరూప కోసం తీసుకుంది. ఒక్కొక్క అక్షరం చూసి కొట్టింది. మేడం ఈలోగా ఏదో ఫైలు సర్దుకుంటూ, మాటవరసకు అన్నట్టు అంది.

“పంపెయ్, ఏం ఫరవాలేదు. ఆ మెయిలు మా ఆయన ఫోన్లో ఉంటుంది. ఆయనే చూసి, రేపు ఆఫీసుకొచ్చేటప్పుడు ప్రింటు తీయించి పంపిస్తాడు.”

మరియం బీ బొటనవేలు ఆగింది. మేడం వైపు చూసింది. మేడం ముఖంలో కపటం లేదు. అదే ఆమెకు అన్నింటికన్నా రోతగా తోచింది. స్వరూప వైపు తిరిగింది. స్వరూప మోచేతి మీది పట్టు వదిలేసింది. ఆమె ముఖం, ఆ రోజు షాపులోకి టిఫిన్ పట్టుకొచ్చినప్పుడున్నట్టే అయింది. ఇంకో మగవాడు, ఇంకో ఇంట్లో, సోఫాలో కూర్చుని ఆ మాటలు చదువుతాడు. ఇంకో జిరాక్స్ షాపుకు పంపిస్తాడు.

మరియం బీ కొట్టిన అక్షరాలన్నీ చెరిపేసింది. ఫోను ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

“నేను పంప మేడం.”

“మరి విచారణ ఎట్లా జరగాలమ్మా? మీ మంచికే చెప్తున్నాను.”

“మీరు చూసిండ్రు గద. చూసింది చూసినట్టు మీ చేత్తోని రాయుండ్రి. కింద సంతకం పెట్టుండ్రి. ముద్ర కొట్టుండ్రి.”

“చేత్తో రాయడం ఇప్పుడెక్కడుంది? అంత పెద్దది రాస్తూ కూర్చోవాలా?”

మరియం బీకి ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. ఆమె ఒక్కటైనా అనేలోపే స్వరూప కుర్చీ ముందుకు లాక్కుంది. మరియం బీ ఒళ్లో ఉన్న ఫోను తీసుకుంది.

“నేను సదువుత మేడం. మీరు రాసుకోండి. నా మీద జరిగింది మీ ఇంటాయన సదువుడెందుకు? నేనే సదివి చెప్త, ఒక్క మాట ఇడువకుంట చెప్త.”

మేడం చెవులు ఎర్రబడ్డాయి. సొరుగు లాగి తెల్లకాగితాలు తీసింది. కలం కోసం వెతికింది. కలం దొరికింది గానీ గీస్తే పడలేదు. ఇంకొకటి తీసింది.

స్వరూప ఊపిరి పీల్చుకుని మొదటి వాక్యం చదవడం మొదలుపెట్టింది. వరండాలో ప్యూన్లు, అర్జీదార్లు తిరుగుతున్నారు. మరియం బీ లేచి పోయి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.